స్కౌట్ ట్రూప్‌లోకి కొత్త కుటుంబం: మొదటి ఫోన్ నుంచి మొదటి క్యాంపు దాకా

సమావేశం మొదలై పది నిమిషాలయ్యేసరికి కొత్త పిల్లాడు ఆటలో కలిసిపోతాడు. వాళ్లమ్మ మాత్రం గేటు దగ్గరే, ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో ఫోన్‌తో నిలబడి ఉంటుంది. లోపలికొచ్చి కూర్చోవాలో, ఇంటికి వెళ్లిపోవాలో ఆవిడకు తోచదు. యూనిఫాంలో ఉన్నవాళ్లంతా విజిల్ పట్టుకుని పరుగుల మీద ఉంటారు. రెండు వారాలు ఇలాగే గడిస్తే మూడో వారం ఆ పిల్లాడు కనిపించడు. వాడికి నచ్చక కాదు, వాణ్ని తీసుకొచ్చే మనిషికి అక్కడ చోటు దొరక్క.

పిల్లల్ని ఎలా కలుపుకోవాలో స్కౌట్ లీడర్లకు బాగానే వచ్చు. చిక్కంతా పెద్దవాళ్ల దగ్గరే వస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేది ఎక్కువగా వాళ్ల గురించే.

ముందు ఒక మనిషిని పెట్టండి

కొత్త కుటుంబానికి తోడుగా ఉండే ఈ పని ట్రూప్ లీడర్ చేయకూడదు. ఆ సమయంలో లీడర్‌కు వంద పనులుంటాయి, కొత్తవాళ్లతో మాట్లాడుతూనే కళ్లు మైదానం మీదికి పోతుంటాయి. ఏడాది రెండేళ్ల కిందట పిల్లల్ని చేర్పించిన తల్లినో తండ్రినో అడగండి. తొలిరోజు తమకు ఏం అర్థం కాలేదో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. పదేళ్లుగా ఉన్నవాళ్లకు గుర్తుండదు. మెడలో స్కార్ఫ్ ఉంటే చాలు, పూర్తి యూనిఫాం వద్దు. యూనిఫాంలో ఉన్న మనిషిని చిన్న సందేహం అడగడానికి కొత్తవాళ్లు జంకుతారు.

ఈ తోడు మనిషి చేయాల్సినవి మూడు పనులు. ఫోన్ చేసి కనుక్కున్నవాళ్లకు ఒక్క రోజులోపు బదులివ్వాలి. మొదటి సమావేశం రోజు 15 నిమిషాలు ముందే గేటు దగ్గర ఉండాలి, మొదలయ్యాక ఇంకో 15 నిమిషాలు అక్కడే ఉండాలి, ఎందుకంటే కొత్తవాళ్లలో సగం మంది దారి వెతుక్కుంటూ ఆలస్యంగానే వస్తారు. ఆ తర్వాత 8 వారాల పాటు ఆ కుటుంబానికి అందుబాటులో ఉండాలి. ఒకరికి రెండు కుటుంబాలు మించితే మూడోది గాలికి పోతుంది.

ఒకేసారి ఎంతమందిని చేర్చుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోండి. ప్యాట్రోల్ అంటే ట్రూప్‌లో 6 నుంచి 8 మంది పిల్లల చిన్న గుంపు, దాని లీడరూ వాళ్లలో ఒకడే. 24 మంది ఉన్న ట్రూప్‌లో నాలుగు ప్యాట్రోళ్లనుకుంటే, ఒక్కోదానికి ఒకరు చొప్పున నలుగురు కొత్తవాళ్లు. అంతకు మించితే పదమూడేళ్ల ప్యాట్రోల్ లీడర్ పట్టుకోలేడు. ఎనిమిది మంది ఒకేసారి వచ్చారని సంబరపడి అందరినీ ఒకే కొత్త ప్యాట్రోల్‌లో పడేస్తే ఇంకా చిక్కు. చూసి నేర్చుకోవడానికి వాళ్లలో పాతవాడంటూ ఒక్కడూ ఉండడు. మిగిలినవాళ్లకు మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తేదీ చెప్పి ఆపండి. తేదీ చెబితే ఆగుతారు, "చూసి చెబుతాం" అంటే ఇంకెక్కడికో వెళ్తారు.

రోజు కూడా చూసుకోండి. క్యాంపుకు ముందు వారం, బ్యాడ్జి పరీక్షలు జరిగే వారం కొత్తవాళ్లను పిలవకండి. అందరూ దేనికో సిద్ధమవుతుంటే కొత్తవాడు మూలన కూర్చోవాల్సి వస్తుంది.

మొదటి ఫోన్‌లో

అడగాల్సినవి: పిల్లాడి పేరు, ఇంట్లో ఏమని పిలుస్తారో అది కూడా. పుట్టిన తేదీ, ఏ విభాగంలో చేరాలో దాన్ని బట్టే తేలుతుంది. ఆస్తమా, ఎలర్జీ, మూర్ఛ, వాడుతున్న మందులు. చూపు, వినికిడి, చదువు, నడకలో ఏదైనా సాయం కావాలా అన్నది. ఎవరు తీసుకొస్తారు, తిరిగి ఎవరికి అప్పగించాలి. ఈ చివరి ప్రశ్న మొహమాటంతో వదిలేయకండి. తల్లిదండ్రులు విడిగా ఉండే ఇళ్లలో దీనికి జవాబు ముందే రాసి ఉండకపోతే ఏదో ఒక సాయంత్రం గేటు దగ్గర గొడవ తప్పదు.

చెప్పాల్సినవి ఇంకా తక్కువ. ఏ గేటు, ఎన్ని గంటలకు మొదలు, ఎన్నింటికి ముగింపు. కాళ్లకు బూట్లు, చేతికి నీళ్ల సీసా. యూనిఫాం వద్దు, డబ్బు తేవద్దు, పెద్దవాళ్లలో ఒకరు మొదటి రోజు ఆసాంతం ఉండాలి. తోడు మనిషి ఎలా కనిపిస్తారో, ఏ రంగు స్కార్ఫో చెప్పండి. అంతే. దరఖాస్తులు, ఆరోగ్య పత్రం, ఫొటో అనుమతి, నియమావళి అన్నీ ఆ రాత్రే పంపితే, ఇంత తతంగమా అని అక్కడే ఆగిపోతారు. ఎలర్జీలు, అత్యవసర ఫోన్ నంబరు మాత్రం తొలి రోజు ఆట మొదలయ్యే ముందే లీడర్ చేతిలో కాగితం మీద ఉండాలి. మిగతావి మూడో వారం.

తొలి సమావేశం

గంటన్నర సమావేశం అనుకుందాం. రాగానే పేరు రాసిన పట్టీ, పాతవాళ్లక్కూడా. కొత్తవాళ్లకు మాత్రమే పెడితే అది పట్టీ కాదు, ముద్ర. ప్యాట్రోల్ లీడర్‌ను గేటు దాకా పిలిచి పిల్లాణ్ని పేరుతో అప్పగించండి. "వెళ్లి ఆడుకో" అని పంపేయడం వేరు, ఒక మనిషి వచ్చి పిలుచుకుపోవడం వేరు. ఎనిమిదేళ్లలోపు పిల్లలైతే పెద్దవాళ్లను కనిపించే దూరంలోనే కూర్చోబెట్టండి.

ప్రారంభంలో గుర్రపులాడం ఆకారంలో నిలబడటం, జెండా, సెల్యూట్ ఉంటాయి. కొత్తవాడికి ముందే రెండు ముక్కలు చెప్పాలి: పక్కవాడు నిలబడినట్టు నిలబడు, సెల్యూట్ నువ్వు చేయనక్కర్లేదు. ఈ మాట చెప్పకపోతే అందరి చేతులూ లేచినప్పుడు తన చెయ్యి ఏం చేయాలో తెలియక పిల్లాడు ఎర్రబడిపోతాడు. పెద్దవాళ్లను లేచి నిలబడమని చెప్పడం మర్చిపోకండి. చెప్పకపోతే సగం లేచి సగం కూర్చుని ఇబ్బంది పడతారు. ఇక జెండా. మడత పెట్టి జారుముడి వేసి పైకి లాగాక, తాడు గుంజగానే విచ్చుకోవాలి. ముడి బిగిసిపోయి విచ్చుకోకపోవడం అన్ని ట్రూపుల్లోనూ జరిగేదే, అదీ సరిగ్గా అతిథులు వచ్చిన రోజునే. కిందికి దించి మళ్లీ కట్టండి. పిల్లల్ని కసరకండి, కొత్తవాళ్లు చూసేది జెండాను కాదు, ముడి వేసిన పిల్లాడితో మీరు ఎలా మాట్లాడారన్నది.

మొదటి ఆటలో ఎవరూ అవుటై బయట కూర్చోకూడదు. ఒక్క నిమిషంలో చెప్పలేని నియమాలు ఉండకూడదు. మొదటి రోజుకు కిమ్ ఆట బాగా పనికొస్తుంది. ఒక పళ్లెంలో 20 నుంచి 24 వస్తువులు పెట్టి గుడ్డ కప్పండి. ప్యాట్రోల్ అంతా చుట్టూ చేరాక గుడ్డ తీసి ఒక నిమిషం చూడనివ్వండి, మళ్లీ కప్పి గుర్తున్నవన్నీ కలిసి రాయమనండి. ఇందులో పాతవాడికి ఉండే అనుభవం ఏమీ కలిసిరాదు. పాతవాళ్లు మర్చిపోయిన వస్తువు పేరు కొత్తవాడు చెప్పాడంటే ఆ సాయంత్రం వాడి చోటు వాడికి దొరికినట్టే.

తర్వాత ముడులు. ఇక్కడ పెద్దవాళ్లను కూడా లోపలికి పిలవండి. రీఫ్ నాట్ చాలు, ఇంకేమీ వద్దు. వేలెడు లావుండే తాళ్లు వద్దు, సుమారు 8 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు. రెండు తాళ్లు రెండు రంగులవై ఉండాలి. ఒకే రంగైతే ఏ కొస ఏదో కనపడక తప్పు ఎక్కడ జరిగిందో చూపించలేరు. కుడిచేతి కొసను ఎడమ దాని మీదుగా వేసి కిందికి తిప్పాలి. ఇప్పుడు ఎడమచేతిలో ఉన్న కొసను కుడి దాని మీదుగా వేసి కిందికి తిప్పాలి. బిగిస్తే రెండు ఉచ్చులు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నట్టు చదునుగా కూర్చుంటాయి, ప్రతి కొసా తన తాడు పక్కనే ఆనుకుని ఉంటుంది. కొసలు అడ్డంగా, తాడుకు లంబంగా పొడుచుకొస్తే రెండోసారీ అదే వైపు తిప్పారన్నమాట. అది గ్రానీ నాట్, లాగితే జారుతుంది. పెద్దవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే, ఏళ్ల తరబడి బూటు లేసులకు వేసిన అలవాటు. వాళ్ల పిల్లాడి చేతే సరిచేయించండి. ఒక్క మాట కలపండి: ఇది కట్టు కట్టడానికి, మూట బిగించడానికి. చదునుగా ఉంటుంది కనుక గాయం మీద ఒత్తుకోదు. బరువు మోయాల్సిన చోట రెండు తాళ్లు కలపడానికి వాడకూడదు.

పెద్దవాళ్లతో పావుగంట

ముడుల తర్వాత పిల్లలు మళ్లీ ఆటకు వెళ్లినప్పుడు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టి 15 నిమిషాలు మాట్లాడండి. ఇరవై దాటితే వాళ్లు వినడం మానేస్తారు. తెరలు, స్లైడ్లు అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ప్యాట్రోల్ పద్ధతి గురించి చెప్పండి, ఎందుకంటే కొత్తవాళ్లకు మింగుడుపడనిది ఇదే. "పదమూడేళ్ల పిల్లాడు మా అబ్బాయికి నేర్పడమేంటి, సారు ఎక్కడ?" అన్న ప్రశ్న పైకి అనకపోయినా మనసులో ఉంటుంది. పిల్లలే చిన్న గుంపుగా ప్లాన్ వేసుకుని, తప్పు చేసి, దిద్దుకుని నేర్చుకోవడమే స్కౌటింగ్ అనీ, అందుకే ఒక్కోసారి టెంటు వంకరగా నిలబడుతుందనీ, పెద్దవాళ్లు చూస్తూ కూడా ఆపరనీ ముందే చెప్పాలి. ప్రమాదం ఉన్నచోట మాత్రం పెద్దవాళ్లే ముందుంటారని కూడా అదే ఊపిరిలో చెప్పండి. ఈ వివరణ ఇవ్వకపోతే, గంటసేపు ముడి విప్పుకుంటున్న ప్యాట్రోల్‌ను చూసి ఎవరూ పట్టించుకోవడం లేదనుకుంటారు.

తర్వాత భద్రత. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా, ఎవరి కంటికీ కనిపించని చోట ఉండకూడదు. కనీసం ఇద్దరు పెద్దలుంటేనే సమావేశం. పిల్లలకు విడిగా రహస్యంగా మెసేజ్‌లు ఉండవు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు, నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. అడగాలని ఉన్నా అవమానించినట్టు అవుతుందని చాలామంది అడగరు.

మిలిటరీ శిక్షణా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజం చెప్పండి: మొదలుపెట్టిన బేడెన్ పవెల్ సైనికాధికారే. కానీ 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఆయన పెట్టిన తొలి క్యాంపు చూడండి. సుమారు 20 మంది అబ్బాయిలు, కలవారి పిల్లలూ పేదింటి పిల్లలూ కలిసి, నాలుగు ప్యాట్రోళ్లుగా గడిపారు. తోడేళ్లు, కాకులు, ఎద్దులు, కర్లూ పక్షులు అని వాటి పేర్లు. అక్కడ నేర్పింది తుపాకీ కాదు, మంట రాజేయడం, జాడ పట్టడం, ప్రాణం కాపాడటం. అమ్మాయిలకు చోటుందా అంటే, 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ర్యాలీకి అమ్మాయిలు పిలవకుండానే వచ్చి మాక్కూడా కావాలన్నారు, మరుసటేడాది అమ్మాయిల కోసం గైడ్స్ ఏర్పడింది. మీ ట్రూప్‌లో ఇద్దరూ కలిసి ఉంటారో లేదో అది వేరే, స్పష్టంగా చెప్పండి.

ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన గురించి కూడా మీరే ఎత్తండి. మీ సంస్థ అనుమతించే పదాలు ఏమిటో ఆ కాగితం ముందుంచండి. ప్రతిజ్ఞ చేసే రోజుకు, అంటే దీక్షకు, రెండు రోజుల ముందు ఇంట్లో చదివి అభ్యంతరం చెబితే పిల్లాడే నలిగిపోతాడు.

చివరగా డబ్బు. ఏడాది మొత్తానికి ఎంత అవుతుందో ఒకే కాగితం మీద: సభ్యత్వం, యూనిఫాం, బ్యాడ్జీలు, క్యాంపులు, ఏది ఏ నెలలో కట్టాలి. నెలకో కొత్త ఖర్చు బయటపడటం కంటే ముందే పెద్ద అంకె చూడటం మేలు. కాగితం అడుగున ఒక వాక్యం ఉంచండి: కష్టమైతే ఫలానా వ్యక్తికి ఒక్క మాట చెప్పండి, ఇంకెవరికీ తెలియదు. ఆ మాట నిజంగా నిలబెట్టుకోవాలి. అందరి ముందూ పిలిచి సాయం చేస్తే ఆ కుటుంబం మళ్లీ రాదు.

సాయం అడగడం ఈ పావుగంటలో వద్దే వద్దు. మొదటి రోజే లీడర్లు కావాలంటే, పిల్లాణ్ని చేర్చడానికొస్తే మనల్ని పట్టుకున్నారేంటి అనుకుంటారు.

ఆ రాత్రి, ఆ నెల

సమావేశం అయిన రాత్రే తోడు మనిషి ఒక మెసేజ్ పంపాలి. "వచ్చినందుకు ధన్యవాదాలు" అన్నది అందరికీ పంపే మాట. "మీ అమ్మాయి కిమ్ ఆటలో కత్తెర గుర్తుపట్టింది, ఎవరికీ గుర్తులేదు" అన్నది ఆ ఇంటికి మాత్రమే వెళ్లే మాట. ఇందుకోసం ప్యాట్రోల్ లీడర్‌ను వెళ్లే ముందు ఒక నిమిషం అడిగితే సరిపోతుంది.

రెండో వారం పెద్దవాళ్లు వెళ్లిపోవచ్చని చెప్పండి, ఉంటానంటే కాదనకండి. మూడో వారం కాగితాలు. నింపి తెమ్మని పంపితే తిరిగి రావు, అక్కడే కుర్చీ, పెన్ను ఇచ్చి పది నిమిషాల్లో పూర్తి చేయించండి. వాట్సాప్ గ్రూపులో అడగకుండా చేర్చకండి. ప్రకటనలకు ఒక గ్రూపు, కబుర్లకు ఇంకొకటి. రెండూ ఒకటైతే శుభోదయాల కింద క్యాంపు తేదీ పూడిపోతుంది.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. కోర్ట్ ఆఫ్ ఆనర్, ఇన్వెస్టిచర్, వాగుల్ అని మీరు అలవోకగా అంటుంటే కొత్తవాళ్లు తలూపుతారు, అర్థమై కాదు. మొదటి నెల అన్నిసార్లూ మాట పక్కనే అర్థం చెప్పండి: ప్యాట్రోల్ లీడర్ల సమావేశం, ప్రతిజ్ఞ చేసే రోజు, స్కార్ఫ్‌ను పట్టి ఉంచే చిన్న రింగు.

యూనిఫాం నాలుగు సమావేశాలు అయ్యేదాకా కొననివ్వకండి. కొన్నాక మానేస్తే ఆ చొక్కా బీరువాలో కనిపించినప్పుడల్లా ఇంట్లో సాధింపే. చిన్నవైపోయిన యూనిఫాంలు పాతవాళ్ల దగ్గర సేకరించి, ఉతికి, సైజు రాసి ఒక పెట్టెలో ఉంచితే సగం అవసరం అక్కడే తీరుతుంది. ఆ పెట్టె అందరికీ తెరిచే ఉండాలి, లేనివాళ్ల పెట్టె అని పేరు పడితే ఎవరూ ముట్టుకోరు.

దీక్ష రోజు

ఆరో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య పెట్టుకోవచ్చు. పిల్లాడికి ప్రతిజ్ఞ నోటికి రావడం కాదు, తన మాటల్లో చెప్పగలగాలి. కుటుంబానికి రెండు వారాల ముందు తేదీ చెప్పండి. తాతయ్య, నాన్నమ్మ వస్తామంటే కుర్చీలు వేయండి.

స్కార్ఫ్ చుట్టే పని ఇంటివాళ్లకే అప్పగించండి. ఒక్కరే చుడితే సగంలో వదులైపోతుంది, ఇద్దరు కావాల్సిన పని అది. త్రికోణాన్ని బల్ల మీద పరిచి, పొడవైన అంచు దగ్గర పిల్లాడొకవైపు, పెద్దవాళ్లొకవైపు పట్టుకుని, సన్నగా, బిగువుగా మొన వైపు చుట్టుకుంటూ పోవాలి. వీపు మీద పడేందుకు జానెడు త్రికోణం మిగిలాక ఆపాలి. కొసలు గట్టిగా పట్టుకుని మెడ చుట్టూ వేసి వాగుల్ ఎక్కించాలి. వేడుకలో ఆ వాగుల్‌ను లీడర్ కాకుండా తల్లో తండ్రో ఎక్కిస్తే ఇంకా బాగుంటుంది.

స్కౌట్లు చేసే ఎడమచేతి కరచాలనం ముందే ఒకసారి సాధన చేయించండి, కుడిచేయి చాచి కంగారుపడేవాళ్లే ఎక్కువ. ఫొటో ఎక్కణ్నుంచి తీయాలో చూపించండి, లేకపోతే సరిగ్గా ప్రతిజ్ఞ వేళ ఎవరో ఒకరు జెండాకు అడ్డంగా నిలబడతారు. ఫొటోలో పక్క పిల్లలుంటారు కాబట్టి బయట పెట్టేముందు అనుమతి ఎవరిది ఉందో చూసుకోవాలి.

మొదటి రాత్రి బయట

ముందు ఒక పగటి నడక, కుటుంబాలతో కలిసి. ఆ తర్వాతే ఒక రాత్రి క్యాంపు, ఇంటికి మరీ దూరం కాని చోట. సంచి పిల్లాడే సర్దుకోవాలి. అమ్మ సర్దిన సంచిలో టార్చి ఎక్కడుందో వాడికి తెలియదు, చీకట్లో మొత్తం కుమ్మరించి వెతుకుతాడు, పొడిబట్టలు తడి గడ్డి మీద పడతాయి. పెద్దవాళ్ల పని జాబితా చదవడం, వాడు ఒక్కోటీ చూపించి లోపల పెట్టడం. టార్చి పై జేబులో, పడుకునే బట్టలు, అదనపు మేజోళ్లు విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో. మందులు మాత్రం సంచిలో కాదు, పేరు, మోతాదు, వేళ రాసి లీడర్ చేతికి.

ఇంటి బెంగ పగలు రాదు. పని ఆగి, వెలుతురు తగ్గి, పడుకునే వేళకు వస్తుంది. బయల్దేరే ముందు "ఉండలేకపోతే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తా" అని ఇంటివాళ్లు ధైర్యం చెబుతారు, అదే పిల్లాడి తలలో రాత్రంతా తిరుగుతుంది. "రేపు మధ్యాహ్నం వస్తా, ఏం వండారో చెప్పు" అనమనండి. రాత్రి ఫోన్‌లో గొంతు వింటే బెంగ తగ్గదు, పెరుగుతుంది, కాబట్టి జ్వరం, దెబ్బ వంటివైతే మేమే పిలుస్తామని, ఎన్ని గంటలకైనా ఫోన్ ఎత్తమని ముందే ఒప్పందం చేసుకోండి. బెంగపడ్డ పిల్లాడికి ఓదార్పు కంటే పని బాగా పనిచేస్తుంది: టెంటు తాళ్లు బిగుసుకున్నాయో లేదో టార్చి వేసి ఇద్దరు పిల్లలతో కలిసి చూసి రమ్మనండి. నిద్రలేచాక ఇంటికి ఒక చిన్న మెసేజ్, అందరూ లేచారు, తింటున్నారు అని.

ఇప్పుడు అడగండి

దీక్ష, ఒక క్యాంపు అయ్యాక సాయం అడగొచ్చు. అందరి ముందు "ఎవరైనా ముందుకొస్తారా" అంటే అందరూ బూట్లు చూసుకుంటారు. ఒక్కరినే, ఒక్క పనికి, మొదలూ ముగింపూ చెప్పి అడగండి: "వచ్చే శనివారం 40 నిమిషాలు, తడిసిన టెంట్లు ఆరేయడానికి." ఆరేయకుండా మడిస్తే బూజు పడుతుంది కాబట్టి ఈ పని ఎప్పుడూ ఉండేదే. అదయ్యాక ఇంకోటి. పిల్లలతో క్రమంగా ఉండే పనైతే, ముందు మీ సంస్థ అడిగే పరిశీలన, శిక్షణ పూర్తి కావాలి, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

రానివాళ్ల సంగతి

హాజరు పట్టికలో ఒక గడి అదనంగా గీయండి. వరసగా రెండు వారాలు రాకపోతే తోడు మనిషి ఆ వారంలోనే ఫోన్ చేయాలి. నెల దాటాక చేస్తే వాళ్లు మానేశామని మనసులో ఎప్పుడో నిర్ణయించుకుని ఉంటారు. "ఎందుకు రావడం లేదు" అనకండి, అది నిలదీసినట్టుంటుంది. "పోయిన వారం లేరు, అంతా బాగేనా?" అంటే చాలు. వచ్చే జవాబులు కొన్నే ఉంటాయి. ట్యూషన్ వేళ కలిసి వస్తే వేరే రోజు జరిగే ట్రూప్ చూపించండి. డబ్బు అని గొంతులో తెలిస్తే పై కాగితంలోని మాట గుర్తు చేయండి. ప్యాట్రోల్‌లో పాతవాళ్లంతా ఒక జట్టుగా ఉండి కొత్తవాణ్ని తాళ్లు మోయడానికే వాడుకుంటున్నారని తేలితే, పిల్లాణ్ని వేరే ప్యాట్రోల్‌కు మార్చేముందు ఆ ప్యాట్రోల్ లీడర్‌తో మాట్లాడండి. మార్చేసి ఊరుకుంటే ఆ చోటికి వచ్చే తర్వాతి పిల్లాడిదీ ఇదే గతి.